ఆఖరి బస్సుకు కోసిన ముక్క

నల్లగొండ గడియారం కాడ
డిస్కులమ్మే పోరడు నవ్విండు.
"అన్నా, ఈ ఒక్క సినిమా కోసం పదకొండోసారి వొచ్చినవ్.
తీసేసిన సీన్లు గూడ ఉన్నయ్ ఇండ్ల, ఏడు.
ఇంగ నీకేం గావాలె?"

నాక్కావాల్సింది ఎనిమిదోది.

ఓడ ఏదో గ్రహం దాటి పోతుంటది.
అందరు నిద్రపెట్టెలల్ల పండుకోని ఉంటరు.
వంటజేసే ముసలామె ఒక్కతే మేలుకోని ఉంటది,
బొక్కెన దీసే గాలం లెక్క వొంగిన నడుము.
ఆమె ఒక మీట నొక్కుతది.
బరువు పోతది.
గిన్నెలు లేస్తయ్, గ్లాసుల నీళ్లు గోలీలయితయ్,
ఆమె పాదాలు నేల నిడిసి
నడుము, మెల్లగ, ఒక్కొక్క బొక్క ఇప్పుకుంట
నిటారయితది.
చప్పుడుండదు. మొఖం గూడ కనవడదు.
గంతే.

ఏడింటికి ఏడు జూసిన.
ఒకదాంట్ల కెప్టెన్ బిడ్డకు ఉత్తరం రాస్తడు,
ఒకదాంట్ల రోబో జోకు చెప్తది, ఎవలు నవ్వరు
(తీసేసి మంచిపని జేసిన్రు).
ముసలామె లేదు.
అసలు సినిమాల ఆమె రెండుసార్లే కనవడ్తది,
గంటె పట్టుకోని, వొంగి.

కలగన్నవేమో, అన్నది నా ఇంటిది.
కలయితే సైదులుకు గూడ ఎట్ల యాదికుంటది?
సైదులు, మా చిన్నమ్మ కొడుకు.
నాకంటె నాలుగు నెలలు పెద్ద, నా భుజం కాడికే వొస్తడు.
మా ఊరి బోరింగు నీళ్లు వాని మోకాళ్లను
ఏడేండ్లకే ఎడంగ వొంచినయ్.
గవే నీళ్లు నేను దాగిన.
పండ్ల మీద పసుపు గీతలు తప్ప నాకేం గాలే.
ఎందుకో డాక్టరు గూడ చెప్పలే.

మొయిన్ భాయిని ఎతికి పట్టుకున్న,
చండూరు టాకీసుల అప్పటి ఆపరేటరు.
టాకీసు ఇప్పుడు పత్తి గోదాము,
ఆయన మునుగోడు రోడ్డుకు మిక్సీలు బాగుజేస్తుండు.
జారుల బ్లేడు దిప్పుకుంట చెప్పిండు:
"తొమ్మిదీ నలభైకి మర్రిగూడ ఆఖరి బస్సు.
సినిమానేమో పొడుగు. జనం నడిమిట్లనే లేసి పోతుండ్రి.
పాట గోస్తే కొడ్తరు, ఫైటు గోస్తే కొడ్తరు,
ముసల్దాన్ని గోస్తే ఎవడడుగుతడు?
మొదటి ఆటకే కోసిన."

మొదటి ఆటకే.
మేం జూసింది మూడోరోజు.

"మరి ఆమె లేసి నిటారుగ నిలవడ్డది గదా, భాయ్?"
బ్లేడు ఆగింది.
"నిలవడుడేంది? గోడకు ఒరిగి ఏడ్చింది.
నిమిషంనర. ఈ చేతులతోనే కోసిన, నాకు దెల్వదా?"
ముక్కలు పోరగాండ్లకు అమ్మిండట,
పావలాకు ఐదు.

గప్పుడు యాదికొచ్చింది టాకీసు చీకటి గాదు, ఎండ.
సైదులోళ్ల అర్ర. బయట వాకిట్ల అద్దం ముక్కతోని నేను.
మాడిపోయిన బల్బు మూతి ఊడగొట్టి
నిండ నీళ్లు వోసి, దారం గట్టి ఏలాడదీసినం.
దానెనక ఫిల్ము.
సున్నం గోడ మీద అరచేయంత ఎలుగు,
ఎలుగుల ఆమె.
కదలదు. ఐదు ముక్కలల్ల ఒక్కతీరుగనే ఉంటది.
మరి నేనేం జూసిన?
కిటికీల నుంచి తల వెట్టి, అద్దం వొణకకుంట పట్టుకోని,
నేనేం జూసిన?

రాత్రి సైదులుకు ఫోన్ జేసిన.
వాడు మీసేవల కూసోని ఉన్నడు ఇంక.
మొయిన్ భాయి మాటంత చెప్పిన.
శానసేపు కీబోర్డు చప్పుడొకటే ఇనవడ్డది.

"ఏడ్చిందా?" అన్నడు.
"గది నాకు దెల్వదు రా.
ఫిల్ము పట్టింది నేను, నువ్వు అద్దం దిప్పేటోనివి.
ఆమె అట్ల వొంగి ఉంటె నాకు మంచిగనిపియ్యలే.
జెర బల్బు అంచుకు జరిపిన.
అంచు కాడ బొమ్మ సాగుతది గదా, నీళ్లల్ల.
నువ్వు వాకిట్ల నుంచి ఒర్లినవ్,
లేసింది రా, లేసింది రా అని.
ఇగ నేనేం చెప్పలే."

ఏ నీళ్లు రా అవి, అన్న.

"ఇంకేడియి, మన బోరింగువే.
సరె, పెడ్త.
కులం సర్టిఫికెట్‌కు ఎవలో వొచ్చిన్రు."